అడిగి తెలుసుకున్న దొర – కల్నల్ కాలిన్ మెకంజీ

వెంకటగిరికోట బజారులో ఒక్క గంట సేపు నిలబడి చూడండి. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ నాలుగూ మీ చెవిన పడతాయి. పడమటికి కొద్ది దూరం పోతే కన్నడ సీమ, కోలారు బంగారు గనులు. తూర్పున కనుమ దిగితే తమిళ సీమ, పేర్నంబట్టు, గుడియాత్తం. ఉత్తరాన పలమనేరు, పుంగనూరు, ఆపైన మదనపల్లె. దక్షిణాన కుప్పం. సంతకు వచ్చే రైతుకు ఈ సరిహద్దులతో పెద్దగా పని లేదు. అతని చుట్టాలు మూడు వైపులా ఉంటారు. కానీ బడిలో పిల్లవాడు పటం తెరిచి చూస్తే అక్కడ గీతలు స్పష్టంగా ఉంటాయి. ఏ ఊరు ఎక్కడుందో, ఏ కొండ తర్వాత ఏ చెరువో గుర్తులు పెట్టి ఉంటాయి. ఆ గీతలు గీయడానికి మొదట మన నేల మీద నడిచిందెవరు? ఎవరిని అడిగి రాసుకున్నారు? ఈ వారం మీకు ఆ కథ చెప్పాలనుకుంటున్నాము. అది కల్నల్ కాలిన్ మెకంజీ కథ. ఆయనతోపాటు నడిచిన మన తెలుగు యువకుల కథ కూడా.

మెకంజీకన్నా ముందే మన సీమను కాగితం మీద పెట్టే ప్రయత్నం జరిగింది. 1700 దాటిన కొద్ది ఏళ్లకే ఫ్రాన్సు దేశపు యేసు సభ గురువులు పుంగనూరు చేరి అక్కడ సువిశేష సేవ మొదలుపెట్టారన్నది మన విచారణల్లో చాలామందికి తెలిసిన సంగతే. వారు కాషాయం కట్టి, కాలినడకన ఊరూరా తిరిగి, తెలుగు నేర్చుకొని, చూసినవన్నీ తమ దేశానికి ఉత్తరాలుగా రాశారు. వారి పెద్ద అయిన ఫాదర్ బూషేగారు దక్షిణ దేశానికి ఒక పటం గీసి పంపారు. పారిస్ నగరంలో కూర్చుని భారతదేశ పటాలు తయారు చేసిన దాన్విల్ అనే పండితునికి అది ఆధారాల్లో ఒకటయింది. దాన్విల్ ఎన్నడూ మన దేశంలో కాలు పెట్టలేదు. తెలియని చోట తెలియదని ఖాళీగా వదిలేసేవాడు. అందుకే 1752లో ఆయన వేసిన పటంలో తీరం వెంబడి ఊర్ల పేర్లు నిండుగా ఉన్నా, లోపలి సీమలో తెల్ల కాగితం ఎక్కువ. ఆ ఖాళీలో పెద్ద భాగాన్ని నింపినవాడు మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండుకు వాయవ్యంగా సముద్రంలో ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో పుట్టారు. గాలి, వాన, చేపల పడవలు తప్ప మరేమీ లేని చోటు. యువకుడిగా ఆ రేవులోనే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశారు. లెక్కలంటే ఇష్టం. లాగరిథమ్స్ కనిపెట్టిన నేపియర్ అనే గణిత పండితుని వంశానికి చెందిన ఒక ప్రభువు, తన పూర్వీకుని చరిత్ర రాసే పనిలో ఉండి, హిందువుల గణితం గురించి ఆరా తీయడానికి మెకంజీ సాయం కోరాడు. ఆ దేశం వెళ్లి ఆ గణితం స్వయంగా తెలుసుకోవాలన్న కోరిక మెకంజీకి అక్కడే పుట్టింది. 1783లో, 29 ఏళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు ఓడరేవులో దిగారు. తర్వాత ఇంజనీర్ల దళానికి మారారు.

వచ్చిన కొత్తలో నేపియర్ ప్రభువు కుమార్తె, ఆమె భర్త మధురలో ఉండగా ఆయనను అక్కడికి పిలిపించారు. మధుర పండితులతో కూర్చుని మాట్లాడిన తర్వాత, ఈ దేశం గురించి తెలుసుకోవలసింది ఒక్క గణితమే కాదని ఆయనకు అర్థమయింది. చరిత్ర ఉంది, శాసనాలున్నాయి, తాటాకు గ్రంథాలున్నాయి, ఊరూరా పెద్దల నోళ్లలో కథలున్నాయి. వీటినెవరో ఒకరు పోగుచేయాలి. కానీ పదమూడేళ్లపాటు ఆ కోరిక కోరికగానే మిగిలిపోయింది. సైనికోద్యోగికి తీరిక ఎక్కడిది?

ఆ కాలంలో పటం అంటే యుద్ధం పని. నెల్లూరు, ఒంగోలు దారులు, గుంటూరు సీమ ఆయన కొలిచారు. తుపాకులు లాగే ఎద్దులు ఏ దారిన పోగలవు, ఏ వాగులో ఎండాకాలం నీరుంటుంది, ఏ కోట గోడ ఎంత ఎత్తు అన్నవే సైన్యానికి కావలసిన ప్రశ్నలు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ప్రభువు సైన్యం మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా బెంగుళూరు వైపు సాగింది. ఆంబూరు దారిన వస్తున్నట్టు టిప్పు సుల్తానును నమ్మించి, మన దారిన పైకి వచ్చింది. కనుమ దారి తెలియడం ఒక రాజ్యానికి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి మీరే ఊహించండి. ఆ యుద్ధంలో మెకంజీ ఇంజనీరుగా పనిచేశారు. 1792లో సంధి కుదిరాక నైజాం రాజ్యంలో ఉన్న సైన్యంతో వెళ్లి, కడప, కర్నూలు ప్రాంతాలు సహా దక్కను సీమల పటాలకు వివరాలు సేకరించారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. దేశమంతా తిరిగిన ఈ మనిషికి దేశభాష ఒక్కటీ సరిగ్గా రాదు. చనిపోయేదాకా రాలేదు. ఈ సంగతి ఆయన ఎన్నడూ దాచుకోలేదు. భాష రానివాడు ఊరి కథ ఎలా తెలుసుకుంటాడు? శాసనం ఎలా చదువుతాడు? ఆ కొరత తీర్చినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య.

మెకంజీ సింహళం దండయాత్రకు వెళ్లి తిరిగి వచ్చిన తర్వాత, 1796 ప్రాంతంలో, బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రవాడు. తెలుగు, సంస్కృతం తెలుసు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అంతకుమించి, ఎదుటి మనిషిని నొప్పించకుండా మాట్లాడే నేర్పు అతనిలో ఉంది. పండితుని దగ్గర పండితుడిలా, కరణం దగ్గర కరణంలా కూర్చోగలడు. తన ఆశయానికి తలుపు తెరిచినవాడు బొర్రయ్యే అని మెకంజీ తర్వాతి కాలంలో రాసుకున్నారు. బొర్రయ్య వెంట అతని తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి కూడా ఈ పనిలోకి వచ్చారు.

1799లో శ్రీరంగపట్టణం పడిపోయింది. టిప్పు సుల్తాను మరణించాడు. అతని రాజ్యాన్ని కంపెనీ, నైజాం, మైసూరు రాజవంశం పంచుకున్నారు. పంచుకోవడం కాగితం మీద సులువే గాని, ఏ ఊరు ఎవరి వాటాలోకి పోయిందో నేల మీద తేల్చాలి కదా. ఆ పని మెకంజీకి అప్పగించారు. అదే మైసూరు సర్వే. 1800 నుండి సుమారు పదేళ్లు సాగింది. కొలిచిన విస్తీర్ణం 40,000 చదరపు మైళ్లకు పైనే.

పటం ఎలా గీస్తారో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పుకుందాం. చదునైన చోట ఒక సరళరేఖను గొలుసుతో చాలా జాగ్రత్తగా కొలుస్తారు. ఆ రేఖకు రెండు కొసలా నిలబడి, దూరంగా కనిపించే ఒక కొండ శిఖరాన్ని థియోడలైటు అనే యంత్రంతో చూసి కోణాలు కొలుస్తారు. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజంలో మిగిలిన రెండు భుజాలు లెక్కలో వచ్చేస్తాయి. అంటే ఆ కొండదాకా నడవకుండానే దాని దూరం తెలిసిపోతుంది. ఆ భుజం మీద మరో త్రిభుజం, దాని మీద మరొకటి. అలా కొండ నుండి కొండకు లెక్క పాకుతుంది. అదే కాలంలో లాంబ్టన్ అనే మరో అధికారి, మనం పుణ్యక్షేత్రంగా ఎరిగిన మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర 1802లో ఏడున్నర మైళ్ల రేఖ కొలిచి, అక్కడి నుండి పడమటి సముద్రం దాకా త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు. లాంబ్టన్ చూపు భూమి ఆకారం మీద, కొండ శిఖరాల మీద. మెకంజీ చూపు ఆ శిఖరాల నడుమ ఉన్న ఊర్ల మీద. ఒక్కొక్క తాలూకాలో ఊర్లెన్ని, ఇండ్లెన్ని, చెరువులెన్ని, ఏ కులాలవారు ఎందరు, ఏ పంటలు, ఏ పనిముట్లు, ఏ సంతలు – ఇవన్నీ ఆయన పట్టికల్లోకి ఎక్కాలి.

ఈ పనిచేసింది ఎవరనుకుంటున్నారు? మద్రాసులో 1794లో ఒక సర్వే బడి పెట్టారు. తెల్లజాతి సిపాయిలకు ఇక్కడి స్త్రీలకు పుట్టి, దిక్కులేక అనాథాశ్రమంలో పెరుగుతున్న పిల్లలను అందులో చేర్చి కొలతలు నేర్పారు. అటువంటి కుర్రవాళ్లను మెకంజీ వెంట మైసూరు అడవుల్లోకి పంపారు. గొలుసు మోసే కూలీలు, డేరాలు మోసే బంట్రోతులు, దారి చూపే ఊరివాళ్లు వారికి తోడు. అడవి జ్వరాలు అందరినీ కుదిపేశాయి. మెకంజీ కూడా జ్వరంతో ఎన్నోసార్లు మంచం పట్టారు. సహాయక అధికారులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మరోవైపు కంపెనీ పెద్దలు ఖర్చు తగ్గించమని ఒత్తిడి చేశారు. అయినా పని ఆగలేదు.

మైసూరు రాజ్యానికి తూర్పు సరిహద్దు మన వైపే. ఆ సరిహద్దు కొలిచే పనిలో ఉన్న మెకంజీ సహాయకుడు లెఫ్టినెంటు జాన్ వారెన్ 1802లో కోలారు ప్రాంతానికి వచ్చాడు. ఆ మట్టిలో బంగారం దొరుకుతుందని జనం అనుకునే మాట అతని చెవిన పడింది. చూపించినవారికి బహుమానం ఇస్తానని చాటించాడు. ఊరిగాం పల్లెవాసులు బండ్ల మీద మట్టి తోలుకొచ్చి, అతని కళ్ల ముందే నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన బంగారు రజను చూపించారు. మారికుప్పం వైపు పేదలు గుంతలు తవ్వి, రాళ్లు పొడిచేసి, ఎప్పటి నుండో ఆ పని చేస్తూనే ఉన్నారు. వారెన్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఊరివాళ్లకు తెలిసిన సంగతిని అడిగి కాగితం మీద రాశాడు, అంతే. ఆ రాత దాదాపు డెబ్బై ఏళ్లు కచేరీ దస్తరాల్లో నిద్రపోయి, మైకేల్ లావెల్ అనే విశ్రాంత సైనికుని కంటబడింది. ఆ తర్వాత 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలో దిగింది. కోలారు బంగారు గనులు వెలిశాయి. మన చిత్తూరు సీమ నుండి, ఉత్తర ఆర్కాటు నుండి వేలాది కూలీలు ఆ గనుల లోతుల్లోకి దిగారు. మీలో ఎందరి తాతలో, మేనమామలో అక్కడ బతుకు వెళ్లదీసి ఉంటారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డాయి. బండి మట్టి కడిగి చూపించిన ఆ పల్లెవాసుల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

ఇప్పుడు మెకంజీ చేసిన అసలు పనికి వద్దాం. కొలతలు కంపెనీ ఉద్యోగం. దానికి పక్కనే ఆయన మరో పని పెట్టుకున్నారు. దాని ఖర్చులో చాలా భాగం తన జేబు నుండే. బొర్రయ్య సాయంతో తెలుగు, కన్నడ, తమిళ, మరాఠీ భాషలు తెలిసినవాళ్లను ఏరి, తర్ఫీదునిచ్చి, ఊర్లమీదికి పంపారు. నారాయణరావు, ఆనందరావు, నిటల నయిన, జైన పండితుడు ధర్మయ్య వంటివారు అలా తిరిగినవాళ్లే. వాళ్ల చేతికి ప్రశ్నల జాబితా ఇచ్చేవారు. ఈ ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది? అడవి కొట్టి మొదట ఊరు కట్టిందెవరు? చెరువు ఎవరు తవ్వించారు? గుడి ఎవరు కట్టించారు? ఏ రాజు తర్వాత ఏ రాజు ఏలాడు? కోట ఎవరిది, ఎప్పుడు పడింది? కరువు ఎప్పుడు వచ్చింది? దొరికిన జవాబులన్నీ ఊరి కరణం దగ్గరున్న కవిలెలతో సరిచూసి రాసి పంపాలి. అలా రాసినవే కైఫీయత్తులు. ఆ మాట ఉర్దూ నుండి వచ్చింది. ఉన్న సంగతి ఉన్నట్టు తెలిపే వివరణ అని అర్థం.

ఈ సేకరణ అంత సులువుగా సాగిందనుకోకండి. కంపెనీవారి మనిషి వచ్చి పాత కాగితాలు చూపించమంటే ఏ కరణమైనా బెదరడా? ఇనాము భూమి లాక్కుంటారేమో, పన్ను పెంచుతారేమో, పాతిపెట్టిన నిధి కోసం వచ్చారేమో అని అనుమానాలు. కొందరు కవిలెలు లేవన్నారు, కాలిపోయాయన్నారు. కొందరు రేపు రమ్మన్నారు. ఆ యువకులు అక్కడే బస చేసి, రోజుల తరబడి ఎదురుచూసి, మాటామాటా కలిపి నమ్మకం సంపాదించుకోవలసి వచ్చేది. చేతిలో అధికారపు చీటీ ఉన్నా, మనిషి మనసు విప్పితేనే కథ బయటికి వస్తుందని వాళ్లకు తెలిసివచ్చింది.

బొర్రయ్య ఆ ఫలితం పూర్తిగా చూడలేదు. పాత కన్నడ లిపిలో ఉన్న శాసనాలను చదివే దారి పట్టుకున్నవాళ్లలో అతడు ముందువాడు. మూడుగెరెలో ఒక జైన గురువు చెప్పిన తమ మత విశేషాలను అతడు అనువదించగా, అది ఏషియాటిక్ రీసెర్చెస్ అనే పండిత పత్రిక తొమ్మిదో సంపుటంలో అతని పేరుతో సహా అచ్చయింది. కానీ 1803లోనే, ముప్పై ఏళ్లు నిండకుండానే, బొర్రయ్య కన్నుమూశాడు. మెకంజీ ఆ దుఃఖాన్ని ఎన్నో ఏళ్లు మోశారు. అన్న స్థానంలోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చి, మెకంజీ చనిపోయేదాకా ఆయన కుడిభుజంగా పనిచేశాడు.

సకాలంలో అడగకపోతే, రాసుకోకపోతే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. కృష్ణా తీరాన రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్టణం కట్టిస్తూ రాళ్ల కోసం దీపాలదిన్నె అనే పాత దిబ్బను తవ్విస్తుంటే, చెక్కడపు పలకలు బయటపడ్డాయి. ఆ వార్త విని 1798 ప్రాంతంలో మెకంజీ వెళ్లి చూశారు. అది గొప్ప బౌద్ధ స్తూపం. అప్పుడు ఆయనకు తీరిక లేకపోయింది. మళ్లీ 1816లో తన మనుషులతో వెళ్లేసరికి ఎన్నో పలకలు కొత్త కట్టడాల్లోకి, మెట్లలోకి పోయాయి. మిగిలినవాటికైనా బొమ్మలు గీయించి, కొలతలు తీయించారు. తర్వాత కనిపించకుండాపోయిన కొన్ని పలకల రూపు మనకు తెలిసింది ఆ బొమ్మల వల్లనే.

1810లో మెకంజీ మద్రాసు రాజధానికి సర్వేయర్ జనరల్ అయ్యారు. నైజాం వదిలిన దత్తమండలాల పటాల పని కూడా ఆయన చేతికిందే నడిచింది. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అక్కడే ఉంది. కాబట్టి మన ఉత్తర భాగం దత్తమండలాల సర్వేలోకి వచ్చింది. 1811లో యుద్ధం మీద జావా ద్వీపానికి వెళ్లినా ఆయన అలవాటు మారలేదు. అక్కడి ప్రంబనన్ శిథిలాలయాలను పరిశీలించి రాశారు, గ్రంథాలు పోగుచేశారు. అక్కడే 1812లో పెండ్లి చేసుకున్నారు. 1815లో భారతదేశానికంతటికీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమించబడ్డారు.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో ఆయన చిత్రం వేశాడు. ఎర్రకోటు తొడుక్కున్న పెద్దమనిషి నడుమ నిలబడి ఉంటాడు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, ఇంకొకరి చేతిలో దుర్భిణి. దూరాన కొండ మీద గొమ్మటేశ్వరుని విగ్రహం. ఆ కాలంలో దొరల చిత్రాల్లో మనవాళ్లు కనిపిస్తే గొడుగు పట్టేవాళ్లుగానో, హుక్కా అందించేవాళ్లుగానో కనిపించేవారు. ఇందులో పండితులుగా పక్కన నిలిచారు.

1817లో కలకత్తాకు మారవలసి వచ్చింది. లక్ష్మయ్య, మరికొందరు తెలుగువాళ్లు, తమిళులు తమ ఊర్లు వదిలి ఆయన వెంట అంత దూరం వెళ్లారు. పోగుచేసిందంతా వరుస పెట్టి, ఒక గ్రంథంగా రాయాలన్నది మెకంజీ కోరిక. ఆరోగ్యం సహకరించలేదు. 1821 మే 8న హుగ్లీ నది మీద ప్రయాణంలో ఉండగా మరణించారు. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. ముప్పై ఏడేళ్లకు పైగా ఈ దేశంలో ఉండి, ఒక్కసారి కూడా తన ద్వీపానికి తిరిగి వెళ్లలేదు. అనుకున్న గ్రంథమూ రాయలేదు.

ఆయన వదిలిన పెట్టెలు తెరిచి లెక్క పెట్టినప్పుడు తేలినవి ఇవి: వ్రాతప్రతులు 1,568, శాసనాల నకళ్లు 8,076, బొమ్మలు 2,630, నాణేలు 6,218. ఇవికాక ఊర్ల వృత్తాంతాలు రెండువేలకు పైగా. ప్రభుత్వం ఆయన భార్యకు సుమారు 10,000 పౌన్లు చెల్లించి ఇదంతా కొన్నది. విల్సన్ అనే పండితుడు 1828లో దీనికి పట్టిక అచ్చువేశాడు. తర్వాత కొంత లండనుకు, దక్షిణ భాషల భాగం మద్రాసుకు పోయాయి.

లక్ష్మయ్య సంగతేమయింది? ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలో అరిగిపోయినవాడు. ఏ కాగితం ఏ ఊరిదో, ఎవరు చెప్పిందో అతనికి తెలిసినంతగా లోకంలో మరెవరికీ తెలియదు. మిగిలిన పని తనకు అప్పగించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1830లలో ఆ అర్జీ కలకత్తా పండితుల ముందుకు వెళ్లింది. ఇటువంటి పనికి నాయకత్వం వహించే శక్తి ఒక భారతీయునికి ఉండదని వారు తేల్చారు. పని విలియం టేలర్ అనే దొరకు ఇచ్చారు. అడిగిందీ, నడిచిందీ, రాసిందీ ఒకరు. అర్హత లేదనిపించుకున్నదీ ఆ ఒకరే. రామస్వామి మాత్రం దక్కను పట్టణాల గురించి, కవుల గురించి రెండు ఇంగ్లీషు పుస్తకాలు అచ్చువేసి తమ కుటుంబం పేరు నిలిపాడు.

మద్రాసులో పురుగులు తింటున్న తెలుగు కైఫీయత్తులను చూసి బాధపడి, వాటికి నకళ్లు రాయించి కాపాడినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారు. ఆ పుణ్యమే నేటికీ మనకు దక్కింది. కడపలో ఆయన పేరు మీద ఉన్న పరిశోధన కేంద్రం కడప సీమ కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేయించింది. రెండువందల ఏళ్ల కిందటి మన ఊర్ల మాట, ఆనాటి తెలుగులో, వాటిలో చదవవచ్చు.

ప్రియ పాఠకులారా, ఈ జీవితాన్ని ఎలా తూచాలి? మెకంజీ కంపెనీ సేవకుడు. ఆయన గీసిన పటం పన్ను వసూలుకు, సైన్యం నడవడానికి, దేశాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి పనికొచ్చింది. ఈ మాట దాచి ఆయనను పొగిడితే అది అబద్ధమవుతుంది. అయితే తనకు తెలియదని ఒప్పుకొని, తెలిసినవాడి దగ్గర కూర్చుని వినడం ఆయన చేసిన మేలు. విన్నదాన్ని పారేయకుండా దాచడం అంతకన్నా పెద్ద మేలు.

ఇంకొక లోపమూ గుర్తుంచుకోవాలి. కైఫీయత్తుకు జవాబులు చెప్పింది ఎక్కువగా కరణాలు, పూజారులు, పాలెగాళ్ల బంధువులు. చెరువు తవ్వించిన దొర పేరు అందులో ఉంటుంది. గడ్డపార పట్టినవాళ్ల పేర్లు ఉండవు. ఊరి చివర మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎన్ని ఇండ్లున్నాయో పట్టికలో లెక్క ఉంటుంది. ఆ ఇండ్లలోని అవ్వలను, తాతలను మీ కథ ఏమిటని అడిగినవాళ్లు చాలా అరుదు. పటంలో వారి గుడిసెకు ఒక చుక్క పడింది, వారి మాటకు మాత్రం చోటు దొరకలేదు.

ఆలోచించండి, మన కుటుంబాల్లో ఎందరి పేర్లు మొట్టమొదటిసారి కాగితం మీదికి ఎక్కింది విచారణ జ్ఞానస్నాన రిజిస్టరులోనో కదా! పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, జ్ఞానతల్లిదండ్రులు – ఇంతే ఉంటుంది. కానీ కైఫీయత్తు అడగని మనిషి అక్కడ ఒక వరుసలో నిలిచి ఉంటాడు. ఆ వరుస వెనుక ఉన్న కథ రిజిస్టరులో లేదు. అది మీ ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దల దగ్గర ఉంది. వారు ఉన్నంతవరకే ఉంటుంది.

అందుకే ఈ సెలవుల్లో పిల్లలకు ఒక పని చెప్పండి. నూరు పేజీల నోటుపుస్తకం ఒకటి కొనివ్వండి. అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. మన పల్లెకు ఈ పేరెలా వచ్చింది? మన ఇంట్లో మొదట జ్ఞానస్నానం పొందిందెవరు? అప్పటి ఉపదేశి ఎవరు, ఏ ఊరి నుండి నడిచి వచ్చేవాడు? ప్రార్థన గుడికి స్థలమిచ్చిందెవరు, మట్టి మోసిందెవరు? గనులకు వెళ్లినవాళ్లెవరు, తిరిగి రానివాళ్లెవరు? కరువులో ఏం తిన్నారు? తొందర పెట్టకుండా అడగమనండి. అవ్వ చెప్పింది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాయమనండి. చెప్పినవారి పేరు, రాసినవారి పేరు కింద తప్పక ఉండాలి. ఒక ప్రతి ఇంట్లో ఉంచుకొని, ఇంకొకటి మీ విచారణ గురువులకు ఇవ్వండి.

భాష రాని ఒక పరదేశి, ఏలూరు కుర్రవాని సాయంతో, ముక్కూమొహం తెలియని ఊర్ల కథలు వేలకొద్దీ సేకరించగలిగాడు. మనకు భాష వచ్చు. ఊరు మనది, అవ్వ మన అవ్వే. అడగడమొక్కటే మిగిలింది.